డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

నేడు ప్రభుత్వ పాఠశాలలలో మీ యీడు పిల్లలకు వారమునకొకమారు నీలిరంగు మాత్ర నొకదాని నిచ్చుచున్నారు. రక్తహీనత కలుగకుండుటకై యిచ్చు ఆ మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమను పదార్థము కలదు. నెల్లికుదురు వంటి పల్లెలో దానిని మ్రింగు విద్యార్థికి, దాని వెనుక ఒక తెలుగువాని తపస్సు కలదని తెలియకపోవచ్చును. ఆ మహనీయుడే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. బాల్యమున ఆయనకు చదువుపై మక్కువ లేకుండెను. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు విక్రయించి ధనము గడింపవలెనని 13వ యేట ఇల్లు విడిచి పోయెను. పెద్దలు వెదకి తీసికొనివచ్చిరి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులో ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట రామకృష్ణ మఠమున చేరి సన్యసింపదలచెను గాని తల్లి అంగీకరింపలేదు. వైద్యము నేర్చినను దీనులకు సేవ చేయవచ్చునని తలచి మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను.

గాంధీ మహాత్ముని పిలుపు విని, సుబ్బారావు ఖద్దరు అంగీ ధరించి శస్త్రచికిత్స తరగతికి పోయెను. అది ఆంగ్లేయుడగు ఆచార్యునికి గిట్టలేదు. తత్ఫలితముగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, అంతకంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను.

1919లో శేషగిరి అను కన్యతో ఆయనకు వివాహమయ్యెను. తరువాత ఆ కుటుంబముపై పిడుగు పడెను. గ్రహణిని పోలిన స్ప్రూ అను ప్రేగులవ్యాధి సోకి, ఆయన సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో మరణించిరి. సుబ్బారావునకును ఆ వ్యాధియే సోకెను. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సచే ఆయన కోలుకొనెను. సోదరులను కబళించిన రోగమునకు మందు కనుగొనవలెనను సంకల్పము ఆయన మనసున నాటుకొనెను. మామగారి ధనసహాయముతో, భార్యను స్వదేశముననే విడిచి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పయనమయ్యెను.

అచట ఆయన రాత్రులయందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచి పొట్ట పోసికొనెను. పగలు చదువుకొనెను. 1925లో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. ఈ పరీక్షలో ద్రవము నీలివర్ణము దాల్చును; భాస్వరమెంత యెక్కువయో నీలిమయు నంత చిక్కబడును. ఈ కొలమానమే ఆయనకు క్రొత్త దారి చూపెను. కండరములు పనిచేయునపుడు తరగి, విశ్రాంతివేళ మరల పెరుగు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వారు 1927లో లోకమునకు తెలిపిరి. 1929లో, జీవకణములకు శక్తినిచ్చు ఎ.టి.పి. అను పదార్థమును వేరుపరచిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఆ యేడే దానిని కనుగొనెను.

ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరి, కొలదికాలముననే పరిశోధనలకు అధిపతి యయ్యెను. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసెను. అది స్ప్రూ రోగులకు గుణమిచ్చెను. సోదరులు గతించిన సుమారు పాతికేండ్లకు ఆయన ప్రతిజ్ఞ నెరవేరెను.

అటుపిమ్మట ఆయన బృందము, ఫోలిక్ ఆమ్లమును పోలియు దానికి ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్ అను మందును సిద్ధపరచెను. దాని పని యెట్టిదో వినుడు. మన దేహమున ఎంజైములను మాంసకృత్తులు వేలకొలది రసాయనిక క్రియలను జరుపుచుండును. ఎంజైము తాళము వంటిది. అది పట్టుకొను పదార్థము తాళపుచెవి వంటిది. మారుచెవి యొకటి తాళములో ఇరుక్కున్నచో అసలు చెవికి చోటుండదు గదా! అమినోప్టెరిన్ అట్టి మారుచెవియై, ఫోలిక్ ఆమ్లమును కణములకు పనికివచ్చునట్లు మార్చు ఎంజైమును స్తంభింపజేయును. దానిచే క్యాన్సరు కణముల విభజన కుంటుపడును. 1948లో బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బరు దీనిని రక్త క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు వాడగా, 10 మందికి కొంతకాలము ఉపశమనము కలిగెను. అంతవరకు ఆ రోగము నెదుర్కొను మందు లేకుండెను.

ఎంజైమును నిలువరించి రోగము నణచు ఈ పద్ధతి పిదప ఎంతయో విస్తరించెను. ఒక్క ఉదాహరణము. మన నాడులలో బాధను చల్లార్చు ఎన్కెఫలిన్లను పదార్థములు సహజముగనే పుట్టును. ఐదేసి అమైనో ఆమ్లముల గొలుసులైన వీనిని హ్యూస్, కాస్టర్లిట్జ్ అను శాస్త్రజ్ఞులు 1975లో స్కాట్లండులో కనుగొనిరి. కొన్ని ఎంజైములు ఈ గొలుసులను స్వల్పకాలముననే త్రుంచివేయును. అట్టి ఎంజైము నొకదానిని అడ్డగించు రేసెకాడోట్రిల్ అను మందు, ప్రేగులయందలి ఎన్కెఫలిన్లను నిలిపి, అతిసారమున దేహమునుండి నీరు పోవుటను తగ్గించును. ప్రేగులవ్యాధితో సోదరులను గోల్పోయిన సుబ్బారావు ఈ మందును చూడలేదు; చూచినచో ఎంత సంతసించెడివాడో!

1947లో బోదవ్యాధికి హెట్రజాన్ అను మందును ఆయన బృందమే అందించెను. 1948లో ఆయన పర్యవేక్షణమున డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవనాశకమును వెలువరించెను. ఆ యేడే ఆగస్టు మాసమున, 53వ యేట, సుబ్బారావు నిదురలోనే కన్నుమూసెను. ఆయన మరల స్వదేశమున అడుగిడలేదు. వచ్చునని ఎదురుచూచిన భార్యకు ఆ మరణవార్తయే మిగిలెను.

తనపేరు చాటుకొనుట ఆయనకు చేతకాలేదు. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల వెలువరించెను. కాని ఆయనకు నిజమైన స్మారకము మందులే. ఇకమీదట నీలిమాత్రను చేతబట్టినపుడు, పరీక్షలో రెండుమారులు తప్పియు నిరాశ చెందని ఆ తెలుగు బాలుని ఒక్కసారి తలచుకొనుడు.