చార్మినార్ కట్టించిన బాద్షా
మహమ్మద్ కులీ కుతుబ్ షా జీవిత విశేషాలు

ఎత్తయిన కట్టడం ఎక్కి ఊరంతా ఒక్క చూపులో చూడాలనే ముచ్చట మనిషికి ఇవాళ పుట్టింది కాదు. న్యూయార్కులో 1931లో ఎంపైర్ స్టేట్ భవనం తెరిచినప్పుడు 86వ అంతస్తులో జనం నిలబడి చూసేందుకు చోటు ఏర్పాటు చేశారు. దుబాయిలో 2010లో తెరిచిన బుర్జ్ ఖలీఫాలో 124వ అంతస్తు దాకా లిఫ్టులో తీసుకుపోతారు. గల్ఫులో ఉన్న మనవాళ్ళు అక్కడ దిగిన ఫోటోలు ఇంటికి పంపడం, ఇక్కడ అమ్మీజాన్‌లు వాటిని ఇరుగుపొరుగుకు చూపించి మురిసిపోవడం మామూలే. కానీ మన హైదరాబాదు సంగతి వేరు. మిగతా ఊళ్ళలో ముందు ఊరు పెరిగింది, తర్వాత ఎత్తయిన కట్టడం లేచింది. మన దగ్గర ముందు కట్టడం లేచింది, దాని చుట్టూ ఊరు వెలిసింది. అలా కట్టించిన బాద్షా జీవితాన్ని మన సభ్యులకు, ముఖ్యంగా పిల్లలకు, తెలిసినంత మేరకు మనవి చేయాలని మా ఉద్దేశం.

మహమ్మద్ కులీ 1565-66 ప్రాంతంలో గోల్కొండలో పుట్టారు. కుతుబ్ షాహీ వంశంలో ఆయన అయిదో పాలకుడు. తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా సింహాసనం ఎక్కక ముందు సుమారు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపారు. అక్కడే ఆయనకు తెలుగు మీద ప్రేమ కుదిరింది. గోల్కొండకు వచ్చి బాద్షా అయ్యాక తెలుగు కవులను దర్బారుకు పిలిచి సన్మానించారు. వాళ్ళు ఆయన్ని మల్కిభరాముడు అని తమ పద్యాల్లో పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులో పటాన్‌చెరువును చూసుకున్న అమీన్ ఖాన్ అనే అధికారికి పొన్నికంటి తెలగన యయాతి చరిత్రను అంకితం చేశాడు. సంస్కృతం పొడ లేని అచ్చ తెలుగులో రాసిన కావ్యం అది. అంటే ఈనాడు ఔటర్ రింగు రోడ్డు దాటి పోతే తగిలే పటాన్‌చెరువులో, నాలుగు వందల ఏళ్ళ కిందట ఒక ఖాన్ సాహెబ్ అచ్చ తెలుగు కావ్యానికి కృతిభర్త అయ్యారన్నమాట. ఇలాంటి ఇంట్లో పెరిగిన కుర్రవాడు మహమ్మద్ కులీ.

1580లో ఇబ్రహీం చనిపోయారు. అప్పటికి మహమ్మద్ కులీకి పదిహేనేళ్ళు నిండీ నిండని వయసు. ఈ రోజుల్లో ఆ ఈడు పిల్లవాడు పదో తరగతి పరీక్షకు కూర్చుంటాడు. ఆయన మాత్రం రాజ్యభారం నెత్తిన వేసుకున్నారు. అయితే కుర్రతనంలో కూడా ఒక మంచి గుణం చూపించారు. తనకు తెలియని పనిని తెలిసినవాళ్ళకు అప్పజెప్పడం ఆయనకు తెలుసు. ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చిన మీర్ మొమిన్ అనే పండితుణ్ణి పీష్వాగా, అంటే ప్రధానిగా నియమించి, చివరిదాకా ఆయన మాట మన్నించారు. చదువు, వైద్యం, కట్టడాల లెక్క అన్నీ తెలిసిన మనిషి మీర్ మొమిన్. హైదరాబాదు నగరం నమూనా వేయడంలో ఆయన చెయ్యే పెద్దదని చరిత్రకారులు అంటారు. పాతబస్తీలో దాయిరా మీర్ మొమిన్ ఖబ్రస్తాన్ ఆయన పేరు మీదే ఉంది. అటు పోయినవాళ్ళు ఒక్క క్షణం ఆగి ఆయన్ని తలచుకుంటే బాగుంటుంది.

ఇక కొత్త ఊరు ఎందుకు కట్టవలసి వచ్చింది? గోల్కొండ కోట లోపల జనం కిక్కిరిసిపోయారు. వజ్రాల వ్యాపారం, బట్టల వ్యాపారం పెరిగి ఎక్కడెక్కడి వర్తకులో వచ్చిపడ్డారు. గాలి ఆడని ఇరుకు, నీటికి ఇబ్బంది, దాంతో రోగాలు. కోటను ఇంకా పెంచడం కన్నా మూసీ నదికి దక్షిణాన మైదానంలో కొత్త నగరం వేయడమే మేలని నిర్ణయించారు. నది దాటడానికి తండ్రి 1578లోనే పురానాపూల్ కట్టించి పెట్టారు. అది కొడుకు పనికి కలిసివచ్చింది.

1591లో చార్మినార్ పని మొదలైంది. అప్పుడే హిజ్రీ వెయ్యో సంవత్సరం వచ్చింది. ప్లేగు మహమ్మారి తగ్గినందుకు కట్టించారని మన పెద్దలు చెబుతూ వచ్చారు. హిజ్రీ వెయ్యేళ్ళ గుర్తుగా, కొత్త నగరానికి నడిబొడ్డుగా కట్టించారని నేటి పరిశోధకులు ఎక్కువ మంది అంటున్నారు. ఏదైనా దాని కొలతలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్కొక్క పక్క 20 మీటర్లు, నాలుగు దిక్కులా 11 మీటర్ల వెడల్పు గల కమానులు, నాలుగు మూలలా సుమారు 56 మీటర్ల మీనార్లు. రాయి, సున్నం తప్ప ఇనుప చువ్వ గాని సిమెంటు గాని లేని రోజులు. మీనారు లోపల మలుపు తిరిగే 149 మెట్లు ఎక్కితే పై అంతస్తు వస్తుంది. అక్కడ పడమటి వైపు మసీదు ఉంది. కింది అంతస్తు గదుల్లో ఒకప్పుడు పిల్లలకు చదువు చెప్పేవారని ప్రతీతి. బడిపంతుళ్ళం కాబట్టి ఈ మాట మాకు చాలా ఇష్టం.

ఇప్పుడు సందర్శకులను మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు. అదైనా సరే, ఒకసారి ఎక్కి నాలుగు పక్కలా చూడండి. నాలుగు కమానుల ఎదుట నాలుగు దారులు గీత గీసినట్టు పోతాయి. ఉత్తరాన గుల్జార్ హౌజ్, దాని చుట్టూ చార్ కమాన్. పైకెక్కినవాడికి ఊరు అర్థం కావాలి, దారి తప్పినవాడికి ఊర్లో ఎక్కణ్ణించైనా మీనారు కనిపించాలి. ఆ రెండూ ఒక్క కట్టడంతో నెరవేరాయి. ఇప్పటి ఇంజనీర్లు నగర ప్రణాళిక అని పెద్ద పేరు పెట్టేది దీన్నే.

అయితే మహమ్మద్ కులీ గొప్పతనం ఎత్తులో మాత్రమే లేదు. ఊరు అంటే మీనార్లూ మహళ్ళూ ఒక్కటే కాదని ఆయన ఎరుగుదురు. 1595లో దారుష్షిఫా కట్టించారు. అది రెండంతస్తుల దవాఖానా. యునానీ హకీములు అక్కడ రోగులకు డబ్బు తీసుకోకుండా మందు ఇచ్చేవారు, హకీమీ విద్య కూడా నేర్పేవారు. మొహల్లాకు ఆ పేరు నేటికీ ఉంది, బస్సు కండక్టరు ఆ పేరుతోనే కేక వేస్తాడు. బాద్షాహీ ఆషూర్‌ఖానా, 1597లో చార్మినార్ దగ్గరి జామా మసీదు, హౌజులు, తోటలు, సరాయిలు, ఇవన్నీ ఆ కాలపువే. ముందు దారి, తర్వాత నీళ్ళు, తర్వాత దవాఖానా, బజారు, నమాజుకు చోటు. ఊరికి వచ్చే పేదవాడికి కావలసినవన్నీ చూశారు. తన ఊరు జనంతో కళకళలాడాలని ఆయన కోరుకున్న సంగతి ఉర్దూ చదివిన మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఆ కోరిక ఎంతగా తీరిందో సాయంత్రం పూట పత్తర్‌గట్టీలో నడిచేవారికి వేరే చెప్పనక్కర్లేదు!

ఇంకో ముఖ్య సంగతి. ఆయన బాద్షా మాత్రమే కాదు, కవి. ఉర్దూలో, అంటే మన దక్కనీలో, దీవాన్ పూర్తి చేసిన మొదటి కవిగా ఆయనకు పేరు. ఆయన తర్వాత గద్దెనెక్కిన సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా 1616లో ఆ కవిత్వాన్ని ఒక్కచోట కూర్చారు. తర్వాత చాలా కాలం అది రాతప్రతుల్లోనే ఉండిపోయింది. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ సాహెబ్ 1940లో అచ్చు వేయించాక లోకానికి బాగా తెలిసింది. ఆ ప్రతుల్లో ఒక అందమైన ప్రతి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. అందులో పర్షియా గులాబీలూ బుల్‌బుల్ పిట్టలూ మాత్రమే ఉన్నాయనుకుంటే పొరపాటు. మన వానాకాలం ఉంది, వసంతం ఉంది, ఈద్, షబేబరాత్ ఉన్నాయి, మన పండ్లూ మన కూరగాయలూ ఉన్నాయి. నేల మీద కాళ్ళు పెట్టి నిలబడ్డ కవి. ఆయన భాషలో తెలుగు మాటలు కలిశాయి. వైజయంతీ విలాసం రాసిన సారంగు తమ్మయ ఆయన కాలంలోనే గోల్కొండ కరణం. దర్బారులో ఫార్సీ, ఇంట్లో దక్కనీ, కచేరీ లెక్కల్లో తెలుగు, ఇలా మూడు భాషలూ ఒకే ఊళ్ళో కలిసి బతికాయి.

భాగమతి కథ గురించి అడగనివారుండరు. ఊరికి భాగ్‌నగర్ అనే పేరు ఆ కాలపు ఫార్సీ రాతల్లో కనిపిస్తుంది. ఆమె నిజంగా ఉందా, లేక బాగ్‌ల ఊరు కాబట్టి ఆ పేరా అన్నదానిపై పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆమె కోసమే పురానాపూల్ కట్టారని సినిమాల్లో చూపిస్తారు గాని, 1578 నాటికి మహమ్మద్ కులీకి పన్నెండు పదమూడేళ్ళు. ఆ లెక్క మనవాళ్ళే వేసుకోవచ్చు.

ఆయనకు మగపిల్లలు దక్కలేదు. ఒక్కతే కూతురు, హయాత్ బక్షీ బేగం. ఆమెను అన్నదమ్ముల బిడ్డ అయిన సుల్తాన్ మహమ్మద్‌కు ఇచ్చి నికాహ్ చేశారు. ఆడపిల్ల అని ఆమెను తక్కువగా పెంచలేదు. తర్వాతి రోజుల్లో భర్త కాలంలోనూ కొడుకు అబ్దుల్లా కాలంలోనూ రాజ్య వ్యవహారాల్లో ఆమె మాటకు ఎంతో విలువ ఉండేది. హయాత్‌నగర్ ఆమె పేరు మీద వెలిసిందే. 1612లో మహమ్మద్ కులీ కన్నుమూశారు. యాభై ఏళ్ళు కూడా నిండలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పాలించి, ఒక భాషకు దీవాన్‌నూ ఒక రాజ్యానికి రాజధానినీ ఇచ్చి వెళ్ళిపోయారు. గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల్లో అన్నిటికన్నా ఠీవిగా, 42 మీటర్లకు పైగా ఎత్తున కనిపించేది ఆయన మఖ్బరాయే. 1687లో ఔరంగజేబు చేతిలో రాజ్యం పోయినా, ఊరు నిలిచింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. గోల్కొండ బాలాహిసార్ మెట్లు సుమారు 360. అవి ఎక్కి నిలబడితే ఒక పక్క ఆయన మఖ్బరా, దూరాన పాతబస్తీ, ఇంకో పక్క గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మాదాపూర్ అద్దాల మేడలు. అక్కడ 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, తర్వాత ఆ ప్రాంతమంతా సైబరాబాద్ అయింది. ఒకప్పుడు గోల్కొండకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వేశారు. మేము బడి పిల్లల్ని అక్కడికి తీసుకుపోయినప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఆ మేడల్ని చూపించి, ఉర్దూ మీడియం వాళ్ళను లోపలికి రానిస్తారా అని అడిగింది. పక్కనున్న అబ్బాయి, మా మామూ అక్కడే సెక్యూరిటీ గార్డు, గేటు దాకా రానిస్తారు అన్నాడు. పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

ఆ పిల్లకు మేము చెప్పిన జవాబే ఇక్కడా చెబుతాం. ఆ మేడల పక్కనే, గచ్చిబౌలిలో, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. అదీ 1998లోనే ఏర్పడింది. అక్కడ కంప్యూటర్ సైన్సూ బోధిస్తారు. అంటే ఆ పక్కకు ఉర్దూకు దారి మూసి లేదు. కాని ఆ దారి దూరం. 2019 నవంబరులో మెట్రో రాయదుర్గం చేరినప్పుడు చార్మినార్ వైపు ఇంకా పట్టాలు పడలేదు. పట్టాలు వేయడం మన చేతుల్లో లేదు. మనసులో ఉన్న దూరం తగ్గించడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

అందుకు మహమ్మద్ కులీ జీవితంలో మూడు పాఠాలు కనబడుతున్నాయి. ఇంటి భాషను గౌరవంగా వాడుకుంటూనే ఊరి భాష తెలుగును, పని భాషను నేర్చుకోవాలి. ఆయన ఫార్సీ చదివి దక్కనీలో రాసి తెలుగువాళ్ళతో కొలువు నడిపారు. మన పిల్లలు ఉర్దూతో పాటు తెలుగు, ఇంగ్లీషు నేర్చుకుంటే ఏమీ తరిగిపోరు. రెండోది, తెలిసినవాడి చేతికి పని ఇవ్వాలి. మన సంఘంలో ఇంజనీర్లు, లెక్కల పట్టాలున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే బిడ్డలు నెలకొక్క ఆదివారం మొహల్లాకు వచ్చి పదో తరగతి పిల్లలతో కూర్చుంటే చాలు, స్కాలర్‌షిప్పు ఎంత మేలు చేస్తుందో అదీ అంతే మేలు చేస్తుంది. మూడోది, ఆడపిల్లల చదువు. హయాత్ బక్షీ బేగం పేరు గల ఊరిలో ఉంటూ ఆడపిల్లను ఏడో తరగతితో ఆపేయడం ఏ లెక్కన న్యాయం?

ఎత్తయిన మేడలు ఎవరైనా కట్టగలరు, డబ్బుంటే చాలు. మేడ కింద దవాఖానా ఉందా, దారి ఉందా, పేదవాడి పిల్లకు చదువుకునే గది ఉందా అని చూసినవాడే ఊరు కట్టినవాడు. ఈ ఏడాది సెలవుల్లో సభ్యులు తమ పిల్లలను ఒకే రోజున చార్మినార్ మొదటి అంతస్తుకు, అటునుంచి గచ్చిబౌలి ఉర్దూ విశ్వవిద్యాలయం గేటు లోపలికి తీసుకుపోవలసిందిగా మనవి. చార్మినార్ టికెట్టు, విశ్వవిద్యాలయం దాకా బస్సు చార్జీ, అంతకు మించి ఖర్చేమీ ఉండదు.