నడివయస్సున నిలిచిన చిత్తము: హళకట్టిగారి జీవితము

నలువది యేండ్లు దాటిన గృహస్థునకు ఒక విచిత్రమైన దశ సంప్రాప్తమగును. పిల్లలు ఎదిగియుందురు, వృత్తి కుదురుకొనియుండును, చూచువారికి లోపమేమియు కానరాదు. ఐనను లోపల ఏదియో వెలితి. నిద్ర తగ్గును, చిన్నమాటకే కోపము వచ్చును, ఇంత కష్టపడినది ఎందులకను ప్రశ్న రాత్రివేళ వేధించును. సంఘమున పెద్దలనిపించుకొన్నవారికిని ఈ బాధ తప్పదు. వారు దానిని బయటికి చెప్పుకొనలేకపోవుట మాత్రము విశేషము.

ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు వచనములను వెలికి తెచ్చిన మహనీయులని మన పాఠకులెల్లరు ఎఱుగుదురు. ఆ పనిలో అధికభాగమును వారు ఏ వయస్సున చేసిరో గమనించినవారు తక్కువ. మన ప్రస్తుత విషయమునకు అదియే ముఖ్యము.

వారు 1880వ సంవత్సరము జూలై 2వ తేదీన ధార్వాడలో జన్మించిరి. బొంబాయిలో చదివి, న్యాయశాస్త్ర పట్టమును పొంది, విజాపురమున (నేటి విజయపుర) వకీలుగా స్థిరపడిరి. ముప్పది యేండ్లు వచ్చుసరికే 1910లో లింగాయత విద్యాసంస్థ స్థాపనకు, మఱి రెండేండ్లకు సిద్ధేశ్వర సహకార బ్యాంకు స్థాపనకు పూనుకొనిరి. అక్కడ ఆగియున్నను లోకము వారిని ధన్యజీవియనియే యెంచియుండును.

కాని వారి చిత్తము వేఱొకచోట తగుల్కొనియుండెను. యౌవనమున తాళపత్ర ప్రతులలో శరణుల వచనములను చూచినది మొదలు, న్యాయస్థానపు పనులు ముగిసిన పిమ్మట గ్రామగ్రామము తిరిగి, మఠములలోను ఇండ్లలోను అటకలపై దుమ్ము పట్టియున్న కట్టలను సేకరించుచుండిరి. తాళపత్రములు చేత పట్టినవారికి తెలియును ఆ శ్రమ. పురుగు తిన్న అంచులు, విరిగిన ఆకులు, కలిసిపోయిన అక్షరములు. ఒక ప్రతిని మఱొక ప్రతితో పోల్చి పాఠమును నిర్ణయించుటకు వారములు పట్టును. ఇట్లు రెండు దశాబ్దములు గడిచినవి. వచనశాస్త్రసారము తొలిభాగము 1923లో వెలువడునప్పటికి వారికి నలువది దాటినవి.

అప్పటినుండి వేగము తగ్గుటకు మాఱు హెచ్చినది. స్వంత ముద్రణాలయమునకై ఇల్లు అమ్మివేసి అద్దెయింట కాపురముండిరి. 1926లో శివానుభవ పత్రికను, మఱుసటి యేట నవకర్ణాటక వారపత్రికను ప్రారంభించిరి. బళ్లారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు అధ్యక్షత వహించినదియు ఆ 1926లోనే. అంతవరకు పేరైనను వినబడని వచనకారులెందఱో ఆ అచ్చుకూటమునుండి లోకమునకు తెలిసివచ్చిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణముద్వారా బసవేశ్వరుని ఎఱిగిన తెలుగువారికి సైతము, ఆ శరణుల స్వంత పలుకులు చేరుటకు మూలమైనది ఈ శ్రమయే.

ఇల్లు అమ్ముటను ఆదర్శముగా గ్రహింపుమని మేము చెప్పజాలము. ఆ నిర్ణయభారమును భార్యాబిడ్డలును మోసిరి. చిఱుగుల కోటు ధరించి తిరుగు వకీలును చూచి నవ్వినవారును లేకపోలేదు. మనము గ్రహింపదగినది వేఱొకటి కలదు. వారి పనికి దినదినము ఒక చిన్న ముగింపు ఉండెను: నేడు పది ఆకులు, రేపొక పుట దిద్దుట. ఆ పని వారిని నడిపించెను, పదిమంది యిండ్లకు తీసికొనిపోయెను, చిన్నవారితోను పండితులతోను మాటలాడించెను. వయస్సు మీఱినకొలది నడక, మనుష్యుల సాంగత్యము, మనస్సునకు కొత్త అభ్యాసము మేలు చేయునని నేటి వైద్యులు చెప్పుచున్న మూడును ఒక్క వ్యాసంగములోనే వారికి సమకూడినవి.

పనియే సర్వరోగములకు మందు అనుట మాత్రము తప్పు. రెండు వారములకు మించి దిగులు వదలక, తిండి నిద్రలు చెడి, దేనిపైనను ఆసక్తి లేకున్నచో అది కుంగుబాటు అను వ్యాధి కావచ్చును. పూజలో కూర్చుండలేకపోవుచున్నానని భక్తుడు చెప్పినపుడు భక్తిలోపమని గద్దించుటకు ముందు స్వాములవారును ఈ సంగతిని స్మరింపవలెను. వైద్యునియొద్దకు పోవుట సిగ్గుపడదగినది కాదు. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే ఉచితముగా మాటలాడవచ్చును.

శివానుభవ పత్రికను హళకట్టిగారు మూడు దశాబ్దములకు పైగా నడిపిరి. అప్పులు, కాగితపు కొఱత, చందాలు పంపని చందాదారులు, ఏ పత్రికకును తప్పని ఈ బాధలన్నియు వారికిని తప్పలేదు. 1956లో కర్ణాటక విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరేటు నిచ్చినపుడు వారికి డెబ్బదియైదు దాటినవి. 1964 జూన్ నెలలో, ఎనుబది నాలుగవ యేట, విజాపురముననే లింగైక్యులైరి. జూలై 2వ తేదీన వారి జయంతిని కర్ణాటకమున నేడు వచనసాహిత్య సంరక్షణ దినముగా జరుపుచున్నారు.