కొలువులు పోయినా.. భాష నిలబెట్టింది!

కెరియర్‌ని కంపెనీ పేరు చూసి కట్టుకోవాలా, చేతిలో ఉన్న నైపుణ్యాన్ని చూసుకుని కట్టుకోవాలా? ప్లేస్‌మెంట్ల సీజన్‌లో ఏ కాలేజీ క్యాంటీన్‌లోనైనా నడిచే చర్చే ఇది. దీనికి జవాబు కావాలంటే రెండు వందల ఏళ్ల కిందటి ఒక ఫ్రెంచ్ దుబాసీ జీవితం చూడాలి. ఆయన పేరు పియెర్ అమెదే జోబేర్. సాక్షాత్తూ నెపోలియన్‌కే దుబాసీ. అంతకంటే పెద్ద ‘ఎంప్లాయర్’ ఆ రోజుల్లో ఎవరుంటారు? ఆ ఎంప్లాయరే కూలిపోయాక జోబేర్ ఏం చేశారన్నదే అసలు కథ.

కొత్త కోర్సు.. సరైన సమయం

జోబేర్ 1779లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో పుట్టారు. ఆయనకు పదహారేళ్లు నిండకముందే, 1795లో, విప్లవ ప్రభుత్వం పారిస్‌లో ప్రాచ్య భాషల పాఠశాల పెట్టింది. ఉద్దేశం సూటిగానే ఉంది: రాజకీయానికీ, వ్యాపారానికీ పనికొచ్చే సజీవ భాషలు నేర్పడం. మొదట్లో అరబిక్, టర్కిష్, పర్షియన్ చెప్పేవారు. అరబిక్‌కు సిల్వెస్ట్ర్ ద సాసీ, టర్కిష్‌కు వెంత్యూర్ ద పారదీ గురువులు. సాసీ పుస్తకాల్లో పండిన మనిషి. వెంత్యూర్ తూర్పు దేశాల్లో ఏళ్ల తరబడి దుబాసీగా పనిచేసి వచ్చినవారు. ఒకరు థియరీ, ఇంకొకరు ప్రాక్టికల్ అన్నమాట. అలాంటి చోట జోబేర్ చదువుకున్నారు.

1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు బయల్దేరినప్పుడు ప్రధాన దుబాసీగా వెంత్యూర్ వెళ్లారు. పంతొమ్మిదేళ్ల జోబేర్ కూడా ఆ బృందంలో ఉన్నారు. మరుసటి ఏడాది సిరియా దండయాత్రలో వెంత్యూర్ చనిపోయారు. అంత పెద్ద సైన్యానికి ప్రధాన దుబాసీ కుర్చీ ఖాళీ. కూర్చోబెట్టడానికి దొరికింది ఇరవై ఏళ్ల ఈ కుర్రాడే. సీనియర్ పోయిన బాధలోనే, సీనియర్ పని మీద వేసుకోవాల్సి వచ్చింది.

ఎండిన నూతిలో నెలల తరబడి

ఫ్రాన్స్‌కు తిరిగొచ్చాక దౌత్య బృందాలతో తూర్పు దేశాలు తిరిగారు. 1805లో అసలు పరీక్ష వచ్చింది. రష్యాకు వ్యతిరేకంగా పర్షియాతో స్నేహం కలపాలని నెపోలియన్ ఆలోచన. ఇద్దరు దూతల్ని వేర్వేరుగా పంపారు. ఒకరు రోమ్యూ అనే సైనికాధికారి, ఇంకొకరు జోబేర్. రోమ్యూ టెహ్రాన్ చేరారు కానీ అక్కడే చనిపోయారు. జోబేర్‌ను దారిలోనే, ఒట్టోమన్ సరిహద్దు పట్టణం బయజీద్‌లో, స్థానిక పాషా పట్టుకుని ఎండిపోయిన నీటి తొట్టిలాంటి నేలమాళిగలో పడేశాడు. ఎప్పుడు వదులుతారో తెలియదు, అసలు వదులుతారో లేదో కూడా తెలియదు. నెలల తర్వాత ఆ పాషా చనిపోవడంతోనే ఆయన బయటపడ్డారు.

మనమైతే నేరుగా ఇంటిదారి పడతాం కదా! జోబేర్ మాత్రం ముందుకే వెళ్లారు. 1806లో పర్షియా షా ఫత్ అలీని కలిసి, పని పూర్తిచేసుకుని వచ్చారు. 1807 మే నెలలో ఫింకెన్‌స్టైన్ వద్ద ఫ్రాన్స్, పర్షియా ఒప్పందం చేసుకున్నాయి. రెండే రెండు నెలలు! జులైలో నెపోలియన్ అదే రష్యాతో టిల్సిట్‌లో సంధి చేసుకున్నాడు. పర్షియా ఒప్పందానికి విలువే లేకుండా పోయింది. ప్రాణం పణంగా పెట్టి చేసిన ప్రాజెక్టు పైవాళ్ల ఒక్క నిర్ణయంతో అటకెక్కింది.

మేకల కోసం మహాయాత్ర

నెపోలియన్ పతనానికి కాస్త ముందు జోబేర్ కాన్‌స్టాంటినోపుల్‌లో ఫ్రాన్స్ ప్రతినిధి అయ్యారు. రాజరికం తిరిగి రాగానే ఆయన దౌత్య జీవితం ముగిసింది. పాత ప్రభువు మనిషి అన్న ముద్ర చిన్నది కాదు. అప్పటికి వయసు నలభై కూడా లేదు.

అప్పుడు పిలుపు ఎవరూ ఊహించని చోటు నుంచి వచ్చింది. పారిస్‌లో కశ్మీరు శాలువాల మోజు నడుస్తోంది. తెర్నో అనే ఉన్ని వ్యాపారి ఆ మేకల్ని ఫ్రాన్స్‌లోనే పెంచాలనుకున్నాడు. వాటిని తేవడానికి తూర్పు దారులు, అక్కడి జనం మాట తెలిసిన మనిషి కావాలి. ప్రభుత్వ సాయంతో 1818లో జోబేర్ బయల్దేరారు. టిబెట్ దాకా వెళ్లాల్సిన పని పడలేదు. రష్యాలోని ఆస్ట్రఖాన్ వైపు, కిర్గిజ్ సంచార జాతుల దగ్గర అలాంటి ఉన్ని ఉన్న మేకలున్నాయని తెలుసుకున్నారు. వెయ్యికి పైగా కొన్నారు. దారిలో చాలా చచ్చిపోగా, సుమారు 400 ఫ్రాన్స్ చేరాయి. రాజుల మధ్య మాట కలిపిన భాషాజ్ఞానమే మేకల బేరానికీ అక్కరకొచ్చింది. అందులో ఆయన నామోషీ చూసుకోలేదు.

రెండో ఇన్నింగ్స్

మిగిలిన జీవితమంతా చదువు, రాత, బోధనే. 1821లో ఆర్మీనియా, పర్షియా యాత్రా గ్రంథం, 1823లో టర్కిష్ వ్యాకరణం వచ్చాయి. కొలేజ్ ద ఫ్రాన్స్‌లో పర్షియన్ ఆచార్యుడయ్యారు. తాను చదువుకున్న పాఠశాలకే డైరెక్టర్ అయ్యారు. 12వ శతాబ్దంలో సిసిలీ రాజు కోసం అల్ ఇద్రీసీ అరబిక్‌లో రాసిన భూగోళ గ్రంథాన్ని 1836-40 మధ్య రెండు సంపుటాలుగా ఫ్రెంచ్‌లోకి తెచ్చారు. తర్వాతి పండితులు అందులో తప్పులు చూపించారు, నిజమే. కానీ ఆ పుస్తకం మొత్తాన్ని ఫ్రెంచ్ పాఠకుల ముందు మొదట పెట్టింది ఆయనే. 1841లో ఎగువ సభ సభ్యత్వం దక్కింది. 1847లో పారిస్‌లో కన్నుమూశారు.

ఒక్కసారి లెక్కేయండి. విప్లవ ప్రభుత్వం, నెపోలియన్, మళ్లీ రాజరికం, 1830 తర్వాత ఇంకో రాజు.. ఇన్నిసార్లు పైన కుర్చీ మారింది. ఎవరు కూర్చున్నా జోబేర్‌తో పని పడింది. పోస్టులు పోయాయి, ఒప్పందాలు చెల్లకుండా పోయాయి. పదహారు, పదిహేడేళ్ల వయసులో నేర్చుకున్నది మాత్రం ఎవరూ లాక్కోలేకపోయారు.

ఆ పాఠశాల ఇప్పటికీ పారిస్‌లో ఇనాల్కో పేరుతో నడుస్తోంది. అక్కడ నేర్పే భాషల్లో మన తెలుగూ ఉంది. మీ రెజ్యూమెలో కంపెనీల పేర్లన్నీ కొట్టేసి చూడండి. అప్పుడు మిగిలేదేంటో, ఈ ఏడాది దాని మీద పెట్టే సమయమెంతో రాసుకోండి. ఆఫర్ లెటర్ కోసం ఎదురుచూసే రోజుల్లో చేయదగిన మంచి పని అదే.