శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మగారు

మన సోదరులకు శ్రీ భాగ్యరెడ్డివర్మగారి నామము క్రొత్తది కాదు. ఆ మహనీయుఁడు 1888 మే 22వ తేదీని హైదరాబాదునందు జన్మించెను. జనకుఁడు వెంకయ్య, జనని రంగమాంబ. తొలుత భాగయ్య యని పిలువఁబడిన యీ బాలునకుఁ గులగురువు భాగ్యరెడ్డి యని పేరు మార్చెననియు, మనవారే యీ దేశపుఁ బ్రాచీనపాలకులను భావమే యందులకుఁ గారణమనియుఁ జెప్పుదురు. వర్మ బిరుదము 1913లో నార్యసమాజమువా రొసఁగినది.

1906లో జగన్మిత్రమండలిని, 1911లో మాన్యసంఘమును స్థాపించి, హరికథలచేతను భజనలచేతను జనులకుఁ బ్రబోధము చేసెను. 1917 నవంబరులో బెజవాడయందు జరిగిన మహాసభ కధ్యక్షత వహించెను. పంచమశబ్దము పోయి ఆదియాంధ్రనామము నిలిచినది యా సభయందే. ఇవి యెల్ల రెఱిఁగినవే, కావున విస్తరింపము.

మేము ముఖ్యముగాఁ జెప్పఁదలఁచినది వేఱొకటి. మన బాలికలను దేవతపేర బసివిగా, జోగినిగా, మురళిగా విడుచు దురాచారముతో నాయన పోరాడెను. దేవాలయములఁ గొలిచిన భోగస్త్రీలకు ఈనాము భూము లుండెను, సంగీతనాట్యవిద్య లుండెను. 1929లో చెన్నపురి రాజధాని శాసనము ఆ యీనాములను గుడిసేవనుండి విడిపించి వారికి దక్కించెను. మన యాఁడుబిడ్డకో? ఈనాము లేదు, గుడిలోఁ బ్రవేశమే లేదు. పగలు అంటరానిదని దూరముగా నుంచిన యాసామియే రాత్రి యామె గుడిసెకు వచ్చుచుండెను. కాదనుటకు దేవత భయము, కూలి భయము, ఊరి భయము. స్త్రీ యగుటవలన నీ కష్టము వచ్చెననిన సగమే చెప్పినట్లు. అస్పృశ్యకులమునఁ బుట్టిన స్త్రీ యగుటవలన నని చేర్చవలయును. స్త్రీజనోద్ధరణము తలపెట్టిన పెద్దలకు ఈ రెండవ సగము చాలకాలము గోచరింపలేదని మా యభిప్రాయము.

స్వజనము నెదిరించుట యంతకన్నఁ గష్టము. బిడ్డను విడుచునాఁటి విందును కల్లును మనవారును పంచుకొనుచుండిరి గదా! వర్మగారు పై కులములవారిని నిందించి యూరకుండలేదు; మద్యమును, బాల్యవివాహమును, జంతుబలిని, బసివి యాచారమును మనలోనే ఖండించిరి. కులపంచాయతుల దిద్దిరి. వారు నడిపిన పాఠశాలలు 26 వఱకుఁ బెరిఁగెను. 1931లో భాగ్యనగర్ పత్రికను స్థాపించి, వెట్టిమాదిగ యను నవలను వ్రాసిరి.

1939 ఫిబ్రవరి 18న వర్మగారు పరమపదించిరి. 1947 నాఁటి దేవదాసీ నిషేధశాసనము మన నెల్లూరు మండలమునకును వర్తించెను. అయినను 1988లో ఆంధ్రప్రదేశ శాసనసభ మరల నట్టి చట్టమే చేయవలసివచ్చినది! మైపాడు మొదలు తూపిలిపాళెము దాఁక నీ తీరపుఁ బల్లెలనుండి చదువ వచ్చు మన బాలికలకు నెల్లూరున వసతి కల్పింపఁగోరు దాతలు తమ విరాళములను కార్యవర్గమునకుఁ దెలుపుదురుగాక.