పిలుపు విన్న తరువాత పదహారేండ్లు – ఫ్లోరెన్స్ నైటింగేల్ యౌవనము

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినని క్రైస్తవ కుటుంబము మన ప్రాంతములో ఉండదని మా నమ్మకము. మన సంఘముల నుండి ఎందరో ఆడపిల్లలు మిషను ఆసుపత్రులలో నర్సు ట్రైనింగు పొంది, ఆ జీతముతోనే తమ్ముళ్లను, చెల్లెండ్రను చదివించి కుటుంబములను నిలబెట్టిరి. చేతిలో దీపము పట్టుకొని ప్రమాణము చేయునప్పుడు వారు తలచుకొనునది ఈమె పేరే. (ఆ ప్రమాణమును ఆమె వ్రాయలేదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్ నగరములో కొందరు కూర్చి, దానికి ఆమె పేరు పెట్టిరి.) అయితే మనలో చాలమందికి తెలిసినది ఆ దీపము ఒక్కటే. అది ఆమె చేతికి వచ్చునప్పటికి ఆమెకు 34 సంవత్సరములు. ఆ కాలపు లెక్కలో అది పెండ్లీడు దాటిపోయిన వయస్సు. అంతవరకు ఆమె ఎక్కడ ఉండెను, ఏమి చేయుచుండెను? మేము వ్రాయదలచినది ముఖ్యముగా ఆ సంవత్సరములను గురించియే.

ఆమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లోరెన్స్ నగరములో పుట్టెను. తల్లిదండ్రులు పెండ్లి అయిన తరువాత యూరోపులో విహారయాత్ర చేయుచుండగా పుట్టిన బిడ్డ కాబట్టి ఆ ఊరి పేరే పెట్టిరి. అంతకు ముందు సంవత్సరము నేపుల్సులో పుట్టిన అక్కకు ఆ నగరపు పాత గ్రీకు పేరైన పార్థినోపీ అని పెట్టిరి. పిల్లల పేర్లలోనే ఆ ఇంటి కలిమి కనబడుచున్నది. తండ్రి విలియం ఎడ్వర్డ్ అసలు ఇంటిపేరు షోర్. పీటర్ నైటింగేల్ అను పెద్ద బంధువు ఆస్తి తనకు వచ్చినందున 1815లో ఆ ఇంటిపేరు తీసికొనెను. దత్తత పోయినవారు ఇంటిపేరు మార్చుకొనుట మనకు తెలియని సంగతి కాదు.

ఆ కుటుంబమునకు రెండు పెద్ద ఇండ్లు ఉండెను. వేసవి గడుపుటకు డెర్బీషైరులోని లీ హర్స్ట్, మిగిలిన కాలమునకు హాంప్‌షైరులోని ఎంబ్లీ పార్క్. వీటికి తోడు లండనులో విందులు, నాట్యసభలు జరిగెడి కాలములో అక్కడ బస. తల్లి ఫ్రాన్సెస్ చక్కని మనిషి, అతిథులను ఆదరించుటలో పేరు పొందినది. ఆమె తండ్రి విలియం స్మిత్ పార్లమెంటు సభ్యుడు; బానిస వ్యాపారమును రూపుమాపుటకు విల్బర్‌ఫోర్స్‌తో కలిసి పాటుపడినవాడు. కాబట్టి ఇది ధర్మచింత లేని ఇల్లు కాదు. పేదలకు సహాయము చేయుటకు ఎవరును అడ్డు చెప్పలేదు. కాని సహాయము చేయుట వేరు, దానినే జీవితముగా చేసికొనుట వేరు. ఆ ఇంటిలో గొడవ అంతయు అక్కడనే పుట్టెను.

కుమారులు లేనందున తండ్రి తన కుమార్తెలకు తానే గురువై లాటిన్, గ్రీకు, చరిత్ర, తత్వశాస్త్రము నేర్పెను. ఫ్రెంచి, జర్మను, ఇటాలియను భాషలు కూడ వారికి వచ్చెను. పార్థినోపీ మెల్లగా తల్లి వైపునకు, పూలు సర్దుట వైపునకు జారిపోయెను. ఫ్లోరెన్స్ మాత్రము తండ్రి పుస్తకాల గదిని విడువలేదు. ఇక్కడ ఆ తండ్రి చేసిన పనిని మేము తరచుగా తలచుకొందుము. మగబిడ్డకు ఇచ్చిన చదువును కుమార్తెకు ఇచ్చెను గాని, ఆ చదువుతో ఏమి చేయవలెనో ఆలోచింపలేదు. చదువు పూర్తి కాగానే ఆమె మరల హాలులోని సోఫా మీదికే రావలసియుండెను.

1837 ఫిబ్రవరి 7వ తేదీన, 17 ఏండ్లు ఇంకను నిండకముందే, దేవుడు తనను తన సేవకు పిలిచెనని ఆమె వ్రాసికొనెను. ఆ తేదీని జీవితాంతము మరువలేదు. కాని ఏ సేవకు పిలిచెనో ఆ పిలుపులో లేదు. బైబిలులో సమూయేలు కూడ మొదటి పిలుపునకు ఏలీ యొద్దకు పరుగెత్తెను గదా. ఈమెకు ఏలీ కూడ లేడు. పిలుపు విన్న కొన్ని నెలలకే కుటుంబమంతయు యూరోపు యాత్రకు బయలుదేరెను. ఆ యాత్రలో ఆమె నాట్యసభలలో ఆనందించెను; సంగీత నాటకములనిన పిచ్చి పట్టెను; పారిస్‌లో మేరీ క్లార్క్ అను తెలివైన స్త్రీతో స్నేహము కలిసెను. 1839లో విక్టోరియా రాణి దర్బారులో ఆమెను ప్రవేశపెట్టిరి. చూచువారికి అది గొప్ప ఇంటి అందమైన, వాక్చాతుర్యము గల యువతి జీవితము. తాను పదిమందిలో మెరయవలెనను కోరిక తనకు ఉన్నదని, అదియే తనకు శత్రువని ఆమె తెలిసికొనెను. ఎవరో బలవంతముగా ఆమెను విందులకు ఈడ్చుకొనిపోయిరని వ్రాయుట న్యాయము కాదు. ఆమెకు అవి ఇష్టమే. ఇష్టము కాబట్టియే పోరాటము అంత కష్టమాయెను.

ఇంటికి వచ్చిన తరువాత రోజులు ఒకే తీరుగా గడిచెను. ఉదయము తండ్రి వార్తాపత్రిక బిగ్గరగా చదువుచుండగా కూర్చుండవలెను. మధ్యాహ్నము బండిలో షికారు, సాయంత్రము అతిథులు, రాత్రి భోజనము, మరల మాటలు. ఒక గంట తనదని చెప్పుకొనుటకు లేదు. లెక్కలు నేర్చుకొనుటకు అనుమతి అడుగగా తల్లి ఒప్పుకొనలేదు. మేనత్త మేయీ పక్షము వహించి మాటాడవలసివచ్చెను. పనిలేని మనస్సు పగటికలలలో పడెను. నలుగురిలో కూర్చుండియే తాను ఎక్కడో గొప్ప కార్యములు చేయుచున్నట్లు ఊహించుకొనుచు మైమరచి పోయెడిది. అది పాపమని భయపడి మానుటకు ప్రయత్నించి, మరల అందులోనే పడెడిది. ఈ సంగతిని ఆమె తన స్వంత కాగితములలో దాచకుండ వ్రాసికొనెను.

లీ హర్స్ట్ దగ్గరి పల్లెలలో జబ్బుపడిన పేదల గుడిసెలకు వెళ్ళునప్పుడు మాత్రము ఆమెకు నెమ్మది ఉండెను. రోగులను చూచుకొనుటయే తన పని అను నిశ్చయము 1844 నాటికి కలిగెను. ఆ ఏడు వారి ఇంటికి అతిథిగా వచ్చిన అమెరికా వైద్యుడు శామ్యూల్ హోను ఒంటరిగా కలిసికొని, ఇంగ్లండు యువతి ఆసుపత్రి సేవకు పూనుకొనుట తప్పగునా అని అడిగెను. లోకము వింతగా చూచునని, అయినను ముందుకు సాగుమని ఆయన చెప్పెను. మరుసటి ఏడు సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకొందునని ఇంటిలో చెప్పగా పెద్ద గగ్గోలు లేచెను. ఆ కాలపు ఇంగ్లండులో ఆసుపత్రి నర్సు అనిన త్రాగుబోతు, నీతిలేనిది అని పేరు. వార్డులలో దుర్వాసన భరింపరానిది. అటువంటి చోటికి దొరబిడ్డ పోవుటయా? మన తాతల కాలములో కూడ, పరాయి మగవారిని ముట్టుకొనే పని అని చెప్పి పిల్లలను ఈ ట్రైనింగునకు పంపక ఆపిన ఇండ్లు లేకపోలేదు. కాబట్టి ఆ తల్లిని దుర్మార్గురాలిగా చూపుట మాకు ఇష్టము లేదు. ఆమె భయము అందరు తల్లుల భయమే.

ఫ్లోరెన్స్ ఎదురు తిరుగలేదు. తెల్లవారకముందే లేచి, దీపము పెట్టుకొని, ఆసుపత్రుల గురించిన ప్రభుత్వ నివేదికలు చదివి, అంకెలు నోటుపుస్తకములలో ఎక్కించుకొని, ఫలహారము వేళకు ఏమియు ఎరుగనట్లు క్రిందికి దిగి వచ్చెడిది. ఈ విధముగా సంవత్సరములు గడిచెను.

ఇంతలో పెండ్లి మాట. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ కవి, పార్లమెంటు సభ్యుడు, ధనవంతుడు, దయగలవాడు. ఎన్నో ఏండ్లు ఆమె కొరకు వేచియుండెను. ఆమెకు కూడ అతనిపై మనస్సు ఉండెను. 1849లో చివరి జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు కాదనెను. అతనితో జీవితము తన బుద్ధిని, హృదయమును తృప్తిపరచును గాని, పని కొరకు ఆకలిగొన్న తన ఆత్మను తృప్తిపరచదని తనలో తాను తర్కించుకొనెను. తరువాత చాలకాలము అతనిని తలచి బాధపడెను. తల్లికి ఇది క్షమింపరాని తప్పుగా తోచెను. ఆరేడేండ్ల తరువాత ఆమె పేరిట దేశమంతట నిధి సేకరించినప్పుడు దానికి తోడుపడిన వారిలో ఆ మిల్న్స్ కూడ ఉండెను. మంచి మనిషి అనుటకు అంతకన్న రుజువు అక్కరలేదు.

ఆమె ఆరోగ్యము చెడగా బ్రేస్‌బ్రిడ్జ్ దంపతులు తమతో ఐగుప్తునకు తీసికొనిపోయిరి. 1850లో నైలు నదిపై పడవలో ఉండగా ఆమెకు 30 ఏండ్లు నిండ వచ్చెను. పేరు ప్రతిష్ఠలు ఆశింపక కేవలము తన కొరకే మేలు చేయుదువా అని దేవుడు తన్ను అడిగినట్లు ఆ మార్చి నెలలో దినచర్యలో వ్రాసికొనెను. ఏథెన్సులో కుర్రవాండ్ర చేతిలో చిక్కిన గుడ్లగూబ పిల్లను విడిపించి, ఎథీనా అని పేరు పెట్టి, జేబులో పెట్టుకొని తిరిగెను. వచ్చుత్రోవలో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌ను చూచెను. రైన్ నది ఒడ్డున పాస్టరు ఫ్లీడ్నర్ 1836లో స్థాపించిన డీకనెస్సుల సంస్థ అది. ఆసుపత్రి, అనాథాశ్రమము, చిన్నపిల్లల బడి, చెరసాల నుండి విడుదలైన స్త్రీలకు ఆశ్రయము, అన్నియు ఒక్కచోటనే. మరుసటి ఏడు, 1851లో, అక్కడ మూడు నెలలు ఉండి పని నేర్చుకొనెను. తల్లియు అక్కయు కార్ల్స్‌బాడ్‌లో ఊటనీటి చికిత్సకు పోయిన సమయము అది. కుమార్తె ఎక్కడ ఉన్నదో బంధువులకు తెలియనీయలేదు. ఉదయము 5 గంటలకే లేచుట, ముతక తిండి, ఎడతెగని పని. ఆ తిండి తిని ఆమె ఒళ్ళు బాగుపడెను! తల్లి ఆశీర్వాదము కోరుచు అక్కడనుండి వ్రాసిన ఉత్తరమునకు ఇంటి నుండి వచ్చినది మాత్రము చల్లని మౌనమే.

తిరిగి వచ్చినను బంధము తెగలేదు. అక్క పార్థినోపీ చెల్లెలు తనను విడిచిపోవునను బెంగతో మంచము పట్టెను. చివరకు రాణిగారి వైద్యుడు సర్ జేమ్స్ క్లార్క్ పరీక్షించి, అక్కాచెల్లెండ్రు వేరుగా ఉండుటయే మందని తేల్చెను. ఆ రోజులలోనే ఫ్లోరెన్స్ మానింగ్ గారితో ఉత్తరములు జరిపి రోమను కతోలిక సభలో చేరుటకు ఆలోచించెను, కాని చేరలేదు. ఆమె బాధ సిద్ధాంతముల గురించినది కాదు. స్త్రీ తన ప్రాణమును, బుద్ధిని తెచ్చి సంఘము ముందు పెట్టినయెడల, సంఘము ఆమెకు పని చూపలేదని ఆమె ఫిర్యాదు. నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న మనము కూడ ఆ ఫిర్యాదును మన స్త్రీల సమాజముల వైపు చూచుచు ఒకసారి చదువుకొనవచ్చును.

1853 ఆగస్టులో తలుపు తెరచుకొనెను. లండను హార్లీ వీధి ఎగువన, జబ్బుపడిన మర్యాదస్థురాండ్ర కొరకు నడుపు చిన్న ఆసుపత్రికి జీతము లేని సూపరింటెండెంటుగా చేరెను. తల్లి సమ్మతింపకున్నను తండ్రి సంవత్సరమునకు 500 పౌన్లు ఏర్పాటు చేసెను. ఆంగ్లికను సభ్యులకు మాత్రమే చోటని కమిటీ పట్టుపట్టగా, కతోలికులను, యూదులను కూడ చేర్చుకొని, వారి వారి గురువులను రానిచ్చినగాని తాను పని చేయనని ఆమె చెప్పి నెగ్గెను. ప్రతి అంతస్తునకు వేడినీరు గొట్టములలో వచ్చునట్లు, భోజనము తాళ్ల లిఫ్టుతో పైకి ఎక్కునట్లు చేయించెను. తెల్లవారుజామున నోటుపుస్తకములలో ఎక్కించిన అంకెలన్నియు ఇప్పుడు పనికి వచ్చెను.

తరువాతి కథ అందరెరిగినదే గనుక త్వరగా చెప్పుదుము. క్రిమియా యుద్ధములో గాయపడిన సిపాయిల దుర్దశ పత్రికలలో రాగా, ఆమె స్నేహితుడు, మంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై 1854 అక్టోబరు 21న 38 మంది నర్సులతో బయలుదేరెను. ఆ హడావిడిలో గుడ్లగూబ చచ్చిపోయెను. నవంబరు 4న స్కుటారి చేరెను. అక్కడ ఆమె అడుగు పెట్టగానే చావులు తగ్గినవని చాల పుస్తకములలో ఉన్నది గాని అది నిజము కాదు. ఆ చలికాలములో నాలుగు వేలమందికి పైగా చనిపోయిరి. గాయముల కంటె రోగములే ఎక్కువమందిని చంపెను. ఆసుపత్రి క్రింద మురుగు కాలువలు నిండియుండెను. 1855 మార్చిలో శానిటరీ కమిషను వచ్చి వాటిని శుభ్రపరచిన తరువాత చావులు వేగముగా తగ్గెను. తిరిగి వచ్చిన తరువాత ఆమె ఈ లెక్కలను దాచలేదు. రంగుల పటములుగా గీయించి మంత్రుల ముందు పెట్టెను. 1858లో లండను స్టాటిస్టికల్ సొసైటీ సభ్యత్వము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తల్లి వద్దన్న లెక్కలే ఇవి.

1856లో మిస్ స్మిత్ అను పేరుతో గుట్టుగా ఇల్లు చేరెను. నైలు నదిపై విన్న ప్రశ్నను ఆమె మరువలేదని మాకు తోచుచున్నది. జనులు ఇచ్చిన నిధితో 1860లో సెంట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల స్కూలు తెరచిరి. ఆమె మాత్రము జబ్బుతో ఎక్కువ కాలము గదిలోనే ఉండి కలముతో పని చేసెను.

ఆ గదిలోనికి మన దేశము కూడ వచ్చెను. భారతదేశములోని సైన్యపు ఆరోగ్యము గురించి 1859లో నియమించిన రాయల్ కమిషను వెనుక పని ఆమెదే. 1863లో వచ్చిన ఆ రెండు వేల పేజీల నివేదిక, ఇక్కడి తెల్లసిపాయిలలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోవుచున్నారని తేల్చెను. సిపాయిలతో మొదలైన ఆమె చూపు మెల్లగా రైతుల మీదికి తిరిగెను. 1876–78 కరవులో మద్రాసు రాజధానిలో లక్షలమంది నశించుచుండగా, కాలువలు ఉన్న గోదావరి, కృష్ణా డెల్టాలు తట్టుకొని నిలిచిన సంగతి ఆమె గ్రహించెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి చేయించిన సర్ ఆర్థర్ కాటన్ దొరతో ఉత్తరములు జరుపుచు, కాలువల త్రవ్వకము దండుగ అని అనువారికి బదులు వ్రాసెను. రైతుల అప్పుల గురించి, వడ్డీల గురించి 1878లో ఆమె వ్రాసిన వ్యాసము లండనులోని అధికారులకు కోపము తెప్పించెను. ఆమె మన దేశమునకు ఒక్కసారియు రాలేదు.

1874లో తండ్రి పోయిన తరువాత, కన్నులు కనబడని ముసలి తల్లిని ఫ్లోరెన్స్ తన పనులు ప్రక్కనపెట్టి నెలల తరబడి చూచుకొనెను. ఆ తల్లి 1880లో చనిపోయెను. 1907లో రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు ఇచ్చెను. అది పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అప్పటికి ఆమె చూపు, జ్ఞాపకము రెండును మందగించియుండెను. 1910 ఆగస్టు 13న 90వ ఏట నిద్రించెను. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పాతిపెట్టుటకు ప్రభుత్వము ముందుకు రాగా, ఆమె కోరికననుసరించి బంధువులు వద్దనిరి. ఎంబ్లీ ఇంటికి దగ్గరి ఈస్ట్ వెల్లో పల్లె గుడి ఆవరణలో ఆమెను పెట్టిరి. రాతిమీద ఆమె పూర్తి పేరు లేదు. రెండు పొడి అక్షరములు, పుట్టిన, చనిపోయిన తేదీలు మాత్రమే చెక్కియున్నవి.