మాసాహెబా హయాత్ బక్షీ బేగం

రాజ్యానికి కోటలు రక్షణనిస్తాయి. రహదారులు జీవం పోస్తాయి. క్రీ.శ. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి జీవనాడి మచిలీపట్నం బాట. ఆ దారిన పోయే బాటసారికి ఆశ్రయం కల్పించి, ఆపత్కాలంలో రాజ్యాన్ని నిలబెట్టిన రాజమాత హయాత్ బక్షీ బేగం.

ఆమె హైదరాబాదు నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏకైక పుత్రిక. తండ్రి ఆమెను తన సోదరుని కుమారుడైన మహమ్మద్ కుతుబ్ షాకిచ్చి వివాహం చేశాడు. 1612లో తండ్రి మరణించగా భర్త సింహాసనాన్ని అధిష్ఠించాడు. 1626లో ఆయన కూడా కన్నుమూశాడు. అప్పటికి కుమారుడు అబ్దుల్లా ఇంకా బాలుడే. తల్లి దుఃఖాన్ని దిగమింగి రాచకార్యాలకు అండగా నిలిచింది. ప్రజలు ఆమెను 'మాసాహెబా' అని గౌరవించారు. నేటి హైదరాబాదులోని మాసాబ్ ట్యాంక్ అనే పేరు దానికి రూపాంతరమే.

ఆనాడు మచిలీపట్నం గోల్కొండకు ప్రధానమైన రేవు. ఆంగ్లేయ వర్తకులు 1611లో అక్కడ స్థావరం ఏర్పరచుకొన్నారు. రాజధాని నుండి రేవుకు పోయే బాట పానగల్లు మీదుగా, నేటి సూర్యాపేట, మిర్యాలగూడల నడుమనున్న నాగులపహాడ్ మీదుగా సాగేది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆ మార్గాన్ని తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. చెరువులు, వాగులు, బండలు అడ్డుపడడం వలన ఆ దారిలో బండ్లు నడవవని, సరుకులన్నీ ఎద్దుల మీద, గుర్రాల మీదనే సాగుతాయని తెలిపాడు. వజ్రాల గనికి తీసుకొనిపోయిన తన చిన్న బండిని పలుచోట్ల విప్పదీసి దాటించవలసి వచ్చిందని కూడా వ్రాశాడు.

అంతటి కష్టమైన ప్రయాణానికి ఆరంభంలోనే, నగరం దాటిన తొలి మజిలీ వద్ద, రాజమాత పేరిట హయాత్ నగర్ వెలసింది. అక్కడి మసీదు ఆవరణ చుట్టూ బాటసారుల కోసం వందకు పైగా గదులతో సరాయి, చెంతనే పెద్ద బావి నిర్మింపబడ్డాయి. తొలి మజిలీలో ప్రతి సాయంకాలం పేదలకు రొట్టె, అన్నం, కూరలు పంచేవారని, ఇతరులు వండినది ముట్టని హిందువులకు పిండి, వెన్న ఇచ్చేవారని టావెర్నియే వివరించాడు. ఎవరి ఆచారాన్నీ నొప్పింపక ఆకలి తీర్చడం అక్కడి ధర్మం.

గోల్కొండ సంపదపై మొగలుల కన్ను పడింది. 1656లో వారి సైన్యం హైదరాబాదును దోచుకొంది. అబ్దుల్లా కోటలో తలదాచుకొన్నాడు. ఔరంగజేబు కోటను ముట్టడించాడు. అప్పుడు వయసు మళ్లిన రాజమాత స్వయంగా శత్రు శిబిరానికి వెళ్లి సంధి కోసం ప్రాధేయపడింది. భారీ పరిహారానికి, మనుమరాలిని ఔరంగజేబు కుమారునికిచ్చి వివాహం చేయడానికి అంగీకారం కుదిరింది. ముట్టడి విరమించాలని షాజహాను ఆజ్ఞ కూడా వచ్చింది. గోల్కొండ మరి మూడు దశాబ్దాలు నిలిచింది. రాజమాత 1667లో పరమపదించింది. కుతుబ్ షాహీ సమాధుల నడుమ ఆమె సమాధి నేటికీ ఉన్నతంగా నిలిచి ఉంది.

నేడు 65వ జాతీయ రహదారి హయాత్ నగర్, సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు సాగుతున్నది. నాడు రోజుల తరబడి సాగిన ప్రయాణం నేడు గంటలలో ముగుస్తున్నది. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం ఆంధ్రప్రదేశ్ నూతన రాజధానిని హైదరాబాదుతో వేగవంతమైన రహదారితో కలపాలని నిర్దేశించింది. వేగరహదారి దూరాన్ని, కాలాన్ని తగ్గిస్తుంది. అయితే దానికి భూమినిచ్చే రైతు, దానిని దాటి పొలానికి పోవలసిన కూలీ, దానిపై రాత్రింబవళ్లు లారీ నడిపే డ్రైవరు కూడా నిర్మాతల లెక్కలోకి రావాలి. నడిచేవాని అలసటను, ఆకలిని గుర్తించినప్పుడే దారి ప్రజలదవుతుంది. మాసాహెబా జీవితం నేటి ఇంజనీర్లకు, పాలకులకు బోధించే పాఠమిదే.