విసెరాలో విషం ఉందా? 1840లోనే తేల్చి చూపిన డాక్టర్ ఓర్ఫిలా కథ ఇదీ!

అనుమానాస్పద మృతి వార్త ఏది చూసినా చివర్లో ఓ మాట కనిపిస్తుంది.. విసెరాను ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపారని. కడుపు ఒక్కటే చాలదా? కాలేయం, కిడ్నీ ముక్కలు కూడా ఎందుకు? ఈ ప్రశ్నకు దాదాపు 200 ఏళ్ల కిందటే జవాబు చెప్పిన డాక్టర్ మాత్యూ ఓర్ఫిలా.

కాఫీతో మొదలైంది

1787లో స్పెయిన్‌లోని మినోర్కా దీవిలో పుట్టిన ఓర్ఫిలా, పై చదువుకు ప్యారిస్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఓసారి కెమిస్ట్రీ క్లాసులో కాఫీలో ఆర్సెనిక్ కలిపి టెస్ట్ చేస్తే, రావాల్సిన రంగు రాలేదు. ఆహారంలో కలిసిన విషాన్ని అప్పటి పరీక్షలు పట్టుకోలేవని అర్థమైంది. 30 ఏళ్లు నిండకముందే విషాలపై పెద్ద గ్రంథం రాశారు. 1831లో ప్యారిస్ మెడికల్ ఫ్యాకల్టీకి డీన్ అయ్యారు.

అప్పట్లో విషం కోసం ఎక్కువగా కడుపులోనే వెతికేవారు. ఆర్సెనిక్ రక్తంలో కలిసి కాలేయం లాంటి అవయవాలకూ చేరుతుందని ఆయన రుజువు చేశారు.

దేశమంతా చూసిన కేసు

1840 జనవరిలో ఫ్రాన్స్‌లో చార్లెస్ లాఫార్జ్ అనే వ్యక్తి చనిపోయాడు. భార్య మేరీనే విషం పెట్టిందని కేసు. స్థానిక నిపుణులు శరీరంలో ఆర్సెనిక్ ఉందని ఒకసారి, లేదని మరోసారి చెప్పారు. సమాధి తవ్వి తీసి టెస్ట్ చేసినా దొరకలేదన్నారు. దాంతో కోర్టు ఓర్ఫిలాను పిలిపించింది.

ఆయన 1836లో వచ్చిన మార్ష్ పరీక్షనే వాడారు. అవయవాల్లో స్వల్పంగా ఆర్సెనిక్ బయటపడింది. అక్కడితో ఆగలేదు. సమాధి చుట్టూ ఉన్న మట్టిని, తాను వాడిన కెమికల్స్‌ను కూడా పరీక్షించారు. విషం బయటి నుంచి రాలేదని కోర్టుకు చెప్పారు. మేరీకి జీవిత ఖైదు పడింది. 1852లో విడుదలైన ఆమె అదే ఏడాది చనిపోయింది. ఆ తీర్పుపై వాదన మాత్రం ఆ తర్వాతా ఆగలేదు.

నేటికీ అదే జాగ్రత్త

ఇప్పుడు మన దగ్గర విసెరాను సాధారణంగా చిక్కటి ఉప్పు ద్రావణంలో వేసి, జాడీకి సీలు వేసి పంపుతారు. ఫార్మలిన్‌లో వేస్తే విషాన్ని గుర్తించడం కష్టమవుతుంది. దాంతోపాటు విడిగా కొంచెం ఉప్పు ద్రావణం కూడా పంపాలి. ఎందుకంటే దొరికిన విషం శవంలోదా, ద్రావణంలోదా అన్న డౌట్ రాకూడదు. సమాధి మట్టిని ఓర్ఫిలా పరీక్షించింది కూడా ఇందుకే.

1853లో ప్యారిస్‌లో కన్నుమూసిన ఓర్ఫిలాను టాక్సికాలజీ పితామహుడిగా చెబుతారు. ఒక్క సీసాలో పొరపాటు జరిగినా నిర్దోషి జైలుకెళ్లొచ్చు, దోషి తప్పించుకోవచ్చు. అందుకే ల్యాబ్ రిపోర్టు ఎంత ముఖ్యమో, శాంపిల్ తీసి భద్రపరిచిన తీరూ అంతే ముఖ్యం.